ఇంట్లో కూర్చోమంటే కూర్చునే కుక్క బయట ఎందుకు వినదు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఏడు నెలల మగ లాబ్రడార్. చేతిలో బిస్కెట్ కనబడితే "సిట్" అనగానే కూర్చుంటాడు, చెయ్యి ఖాళీగా ఉంటే ఒకసారి చూసి తన దారిన తను పోతాడు. బయట ఎంత పిలిచినా రాడు. లీష్ పట్టుకుంటే భుజం నొప్పి పుట్టేలా లాగుతాడు. ఇంటికి ఎవరొచ్చినా మీదికి ఎగురుతాడు. "అది నిన్ను లెక్కచేయడం లేదు, చోక్ చైన్ (లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు) వేసి నాలుగుసార్లు గట్టిగా గుంజు, దారికొస్తుంది" అని ఒకరు, "నెల రోజులు ట్రైనర్ దగ్గర వదిలేయ్, అన్నీ నేర్పి పంపిస్తారు" అని ఇంకొకరు చెప్పారు. ఈ రెండింట్లో ఏది మంచిదని అడిగారు.

రెండూ వద్దు. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయాలో కాస్త వివరంగానే చెబుతాను. చాలా ఏళ్లుగా కుక్కలకూ, వాటిని పెంచుకునేవాళ్లకూ కలిపి నేర్పిస్తున్నాను. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులూ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకే చోట మొదలవుతాయి: మనం నేర్పామనుకున్నది ఒకటి, కుక్క నేర్చుకున్నది మరొకటి. "హాల్లో, ఎదురుగా మనిషి నిలబడి, చేతిలో బిస్కెట్ పట్టుకుని 'సిట్' అంటే కూర్చోవాలి." మీవాడు నేర్చుకున్నది ఇదీ. దాన్ని పొల్లుపోకుండా చేస్తున్నాడు కూడా. బిస్కెట్ తీసేస్తే, ఎదురుగా కాక పక్కన నిలబడితే, హాలు కాక వీధి అయితే వాడికది పూర్తిగా కొత్త ప్రశ్న. దానికి జవాబు వాడికింకా ఎవరూ నేర్పలేదు.

"లెక్కచేయడం లేదు" అనే మాటను ముందు పక్కన పెడదాం. అది మనసులో ఉన్నంతసేపూ మన చెయ్యి గొలుసు మీదికే పోతుంది. కుక్క మనమీద పెత్తనం కోసం చూస్తుందనే నమ్మకం తోడేళ్ల గురించిన రాతల నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి పైచేయి కోసం పోటీపడతాయని రాశారు. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ రాసిన పుస్తకంతో "ఆల్ఫా", అంటే పోట్లాడి పైచేయి సాధించిన నాయకుడు, అన్న మాట బాగా వ్యాపించింది. అదే మీచ్ తర్వాత కెనడా ఉత్తరాన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, 1999లో తన మాట సవరించుకున్నారు. సహజంగా బతికే తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ, వాటి పిల్లలేనని, ఆ తల్లిదండ్రులను పోట్లాడి గెలిచిన నాయకులుగా చూడటం సరికాదని రాశారు. తోడేళ్ల విషయంలోనే నిలబడని లెక్కను మన ఇంటి కుక్క మీద రుద్దడం అన్యాయం. మీవాడు లీష్ లాగేది మిమ్మల్ని గెలవడానికి కాదు, ముందున్న వాసన దగ్గరికి త్వరగా చేరడానికి.

ఇక అసలు విషయం. ఏ జంతువైనా ఏ పని చేస్తే తనకు మంచి జరిగిందో ఆ పని మళ్లీ చేస్తుంది, ఏ పనికి ఏమీ దక్కలేదో దాన్ని మానేస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టి, అవి తలుపు తీసుకుని బయటపడటం ఎలా నేర్చుకుంటాయో చూసి తేల్చిన విషయమిది. కుక్కకూ అంతే. చిక్కంతా "ఏ పని చేస్తే" అన్న దగ్గర వస్తుంది. కుక్క ఏ క్షణంలో ఏం చేస్తోందో, మన బహుమతి ఏ క్షణంలో అందుతోందో రెండూ కలవాలి. ఒక్క సెకను తేడా వచ్చినా అది వేరే పనికి ముట్టినట్టు లెక్క.

ఒక మామూలు దృశ్యం చూడండి. "సిట్" అన్నారు, కూర్చున్నాడు. మీరు సంతోషంగా జేబులో చెయ్యి పెట్టారు. కవరు గరగరలాడింది. ఆ చప్పుడుకి వాడు లేచి నిలబడి మీ జేబు దగ్గరికి మూతి తెచ్చాడు. అప్పుడు మీరు ముక్క నోట్లో పెట్టారు. మీ లెక్కలో కూర్చున్నందుకు ఇచ్చారు. వాడి లెక్కలో లేచి జేబు వాసన చూసినందుకు వచ్చింది. వారం తిరిగేసరికి పిరుదులు నేలకు ఇలా తాకించి అలా లేచే కుక్క తయారవుతుంది. "స్టే అంటే నిలవదు" అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

దీనికి మందు ఒక చిన్న గుర్తు మాట. "యెస్" అనుకుందాం. చిటిక లాంటి చప్పుడు చేసే క్లిక్కర్ అయినా సరే. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ దగ్గర పనిచేసిన బ్రెలాండ్ దంపతులు 1940లలోనే ఈ పద్ధతిని రకరకాల జంతువుల మీద వాడారు. ముందు కుక్కను ఏమీ అడగకుండా "యెస్" అనండి, వెంటనే ఒక ముక్క పెట్టండి. ఇలా పది పదిహేనుసార్లు. "యెస్" వినగానే మీవైపు చటుక్కున తల తిప్పుతున్నాడంటే అర్థమైనట్టే. ఇకనుంచి పిరుదులు నేలకు తాకిన క్షణంలో "యెస్" పడాలి. ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఏ పనికి వచ్చిందో వాడికి తెలిసిపోయింది. చెయ్యి మాత్రం "యెస్" తర్వాతే కదలాలి, ముందు కాదు. చదవడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ మన చేతులకు ఇది చాలా కష్టం. కుక్క లేకుండా ముందు మీరొక్కరే అభ్యాసం చేయండి: ఇంట్లోవాళ్లు బంతి నేలకేసి కొడుతుంటే, అది నేలను తాకిన ప్రతిసారీ "యెస్" అనండి, చేతులు మాత్రం కదపకండి.

చేతిలో బిస్కెట్ ఉంటేనే వినడం గురించి. తిండి చూపించి కూర్చోబెట్టడం మొదటి మూడు నాలుగు సార్లకే. ఐదోసారి అదే చేతి కదలిక ఖాళీ చేత్తో చేయండి. కూర్చోగానే "యెస్", ముక్క రెండో చేతిలోంచో, వెనకాల బల్ల మీది గిన్నెలోంచో రావాలి. తిండి కనబడకపోయినా వస్తుందని వాడికి నమ్మకం కుదరాలి. తిండి ముందే చూపిస్తే అది లంచం, పని అయ్యాక ఇస్తే జీతం. ఈ తేడా పాటించనివాళ్లే "తిండితో నేర్పితే తిండికే వింటుంది" అంటుంటారు.

మాట ఇంకా తర్వాత. చేతి సైగకు ఠక్కున కూర్చుంటున్నాడని నమ్మకం కలిగాక, ముందు "సిట్" అనండి, ఒక క్షణం ఆగండి, అప్పుడు సైగ చేయండి. రెండూ ఒకేసారి చేస్తే వాడు మాట వినడు, చెయ్యి చూస్తాడు. మాట ఒకటి చెప్పి సైగ మరొకటి చేసి చూసిన పరీక్షల్లో కుక్కలు ఎక్కువగా సైగ వెంటే పోయాయి. మీవాడికి మాట నిజంగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే చేతులు వెనక్కి కట్టుకుని, తల కూడా ఊపకుండా, మామూలు గొంతుతో ఒక్కసారి "సిట్" అని చూడండి. చాలామంది ఆశ్చర్యపోతారు.

ముక్కల సంగతి క్లుప్తంగా. బఠానీ గింజంత చాలు. అవన్నీ కలిపి రోజు మొత్తం తినే తిండిలో పదోవంతు దాటకూడదు, లేదా భోజనంలోంచే కొంత పక్కకు తీసి వాడండి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపినవి కుక్కకు విషం, పొరపాటున కూడా పెట్టకండి.

ఇంట్లో బాగా వచ్చింది బయట కూడా రావాలంటే మూడు విషయాలు విడివిడిగా పెంచాలి: ఎంతసేపు, ఎంత దూరం, చుట్టూ ఎంత సందడి. ఒకటి పెంచేటప్పుడు మిగతా రెండూ తగ్గించాలి. ఇంటి గుమ్మం ముందు మొదటిసారి "స్టే" అడుగుతుంటే రెండు సెకన్లు, అడుగు దూరం, అంతే. వరసగా ఐదుసార్లు అడిగి లెక్కపెట్టుకోండి. ఐదూ చేస్తే ఒక మెట్టు పైకి, మూడు నాలుగు చేస్తే అక్కడే ఇంకొంచెం, రెండు గానీ అంతకంటే తక్కువ గానీ చేస్తే ఒక మెట్టు కిందికి. కోపానికి, బతిమాలడానికి ఇక్కడ చోటు లేదు. తప్పాడంటే మనం అడిగింది ఎక్కువైంది.

పిలిస్తే రావడం గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రోడ్డు మీద ప్రాణం నిలిపేది అదొక్కటే. మీవాడిని ఇప్పటివరకు "కమ్" అని ఏయే సందర్భాల్లో పిలిచారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆట ఆపి ఇంటికి తీసుకుపోవడానికి. స్నానానికి. చెవుల్లో మందు వేయడానికి. చెప్పు కొరికినందుకు తిట్టడానికి. పది నిమిషాలు రాక, చివరికి వస్తే "ఇప్పుడా వచ్చేది?" అని ఒకటి తగిలించడానికి. ఆ చివరిది అన్నిటికంటే చేటు. వాడికి దెబ్బ పడింది ఆలస్యం చేసినందుకు కాదు, వచ్చినందుకు. ఇన్ని చేదు జ్ఞాపకాలున్న మాటను బాగుచేయడం కంటే కొత్త మాట పెట్టుకోవడం సులువు. ఇంట్లో మామూలు కబుర్లలో రాని మాట ఏదైనా తీసుకోండి, లేదా ఈల వేయండి.

ఆ కొత్త పిలుపుకి రెండు నియమాలు. వచ్చాక వాడికి నచ్చనిది ఏదీ జరగకూడదు. మందు వేయాలా, మీరే వెళ్లి తీసుకురండి. రెండోది, వస్తాడన్న గట్టి నమ్మకం లేనప్పుడు పిలవకూడదు. రెండు కుక్కలు ఆడుకుంటున్నాయి, మీవాడు మధ్యలో ఉన్నాడు, మీరు పిలిచారు, రాలేదు, మళ్లీ పిలిచారు. ప్రతి పిలుపుతో ఆ మాట విలువ తరిగిపోతుంది. నోరు మూసుకుని నడిచి వెళ్లి లీష్ తగిలించుకోవడమే మేలు.

మొదట ఇంట్లోనే, రెండు గదుల మధ్య. పిలవండి, పిలుస్తూనే నాలుగడుగులు వెనక్కి పరుగెత్తండి. కదిలేదాని వెంట పడటం కుక్క నైజం, దాన్ని వాడుకోండి. మీదాకా వచ్చాక మెడపట్టీ మెల్లగా పట్టుకుని, పట్టుకుని ఉండగానే ముక్క పెట్టండి. దీన్ని వదిలేయకండి. చాలా కుక్కలు పిలవగానే చెయ్యి చాపినంత దూరం వరకు వచ్చి, చెయ్యి మెడవైపు రాగానే పక్కకు జారుకుంటాయి, ఎందుకంటే చెయ్యి రావడమంటే ఆట అయిపోవడమని వాటికి తెలుసు. పట్టీ పట్టుకోవడమే తీపి కబురు కావాలి. ఆ తర్వాత "వెళ్లు" అని వదిలేయండి. మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లో చెప్పిన సూత్రం ఇక్కడ చక్కగా పనికొస్తుంది: ఎక్కువ ఇష్టమైన పని చేయనివ్వడమే తక్కువ ఇష్టమైన పనికి బహుమతి. పదిసార్లు పిలిస్తే ఎనిమిది తొమ్మిదిసార్లు మళ్లీ ఆటకే వదలాలి. అప్పుడు మీ పిలుపు ఆటకు అడ్డు కాదు, ఆటలో ఒక భాగం.

బయటికి వెళ్లినప్పుడు ఐదు నుంచి పది మీటర్ల పొడవాటి తాడు వాడండి. దాన్ని ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల హార్నెస్‌కే కట్టాలి, మెడకు కాదు. పరుగు మీద తాడు బిగిస్తే మెడకు పెద్ద దెబ్బ తగులుతుంది. వాడిని లాక్కురావడానికి కాదు ఆ తాడు, రాకుండా పారిపోవడమనే దారిని మూయడానికి. నెలల తరబడి ఉంచండి, తొందరపడి తీసేయకండి. ఎప్పుడైనా తప్పించుకుని పరుగెత్తితే వెంటపడకండి, ఎదురు దిక్కుకు పరుగెత్తండి.

లీష్ లాగడం: లాగినప్పుడల్లా ఒక అడుగు ముందుకు పడుతోంది, అంటే లాగడానికి జీతం ముడుతోంది. లీష్ బిగుసుకున్న క్షణం ఆగిపోండి. వాడు వెనక్కి తిరిగి చూసినా, ఒక అడుగు మీవైపు వేసినా "యెస్", నడక మొదలు. వదులుగా ఉన్న లీష్‌తో మీ కాలి పక్కన నడిచినందుకు మొదట్లో ప్రతి రెండు మూడు అడుగులకూ ముక్క. అప్పుడప్పుడు ముక్కకు బదులు "వెళ్లు, వాసన చూడు" అని చెట్టు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. మొదటి రోజుల్లో వీధి చివరి వరకు కూడా చేరలేరు, అది మామూలే. ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ మీ భుజానికి కొంత ఉపశమనం ఇస్తుంది.

ఇప్పుడు చోక్ చైన్ ఎందుకు వద్దో చెబుతాను. మెడ మీద లాగుడు పడినప్పుడు శ్వాసనాళం నలుగుతుంది, కంటిలోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. అంతకంటే నన్ను భయపెట్టేది వేరొకటి. ఎదురుగా ఇంకో కుక్క కనబడింది, మీవాడు సంతోషంగా లాగాడు, మెడ నొక్కుకుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే వాడికి కలిసే లెక్క "లాగకూడదు" అని కాకపోవచ్చు, "కుక్క కనబడితే నొప్పి" అని కావచ్చు. తర్వాత ఆ కుక్కలను చూసి మొరగడం, పళ్లు చూపడం మొదలవుతుంది. 2020లో పోర్చుగల్ పరిశోధకులు దండన పద్ధతులు వాడే శిక్షణ శాలల కుక్కలనూ బహుమతి పద్ధతి శాలల కుక్కలనూ పోల్చారు. మొదటి రకం కుక్కల్లో ఆందోళన లక్షణాలూ, శిక్షణ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనూ ఎక్కువగా కనిపించాయి. అమెరికాలో జంతు ప్రవర్తనా పశువైద్యుల సంఘం 2021లో కుక్కలన్నిటికీ బహుమతి పద్ధతినే సిఫారసు చేసింది. కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీలను, అంటే షాక్ కాలర్లను, వేల్స్ 2010లోనే నిషేధించింది.

మీదికి ఎగరడంలో ఇంట్లోవాళ్లందరి పాత్రా ఉంది. ఎగిరితే తోస్తారు, అరుస్తారు, "వద్దురా" అంటారు. వాడికి కావలసింది చేతులు, కళ్లు, మాట. మూడూ దొరికాయి. ఎవరైనా వచ్చేముందు లీష్ తగిలించండి. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే వచ్చినవాళ్లు వంగి పలకరించాలి. కాళ్లు లేచిన క్షణం నిటారుగా నిలబడి మొహం తిప్పేయాలి. ఒక హెచ్చరిక. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడు పనిచేయకపోతే కుక్క వెంటనే మానదు, ముందు రెట్టింపు చేస్తుంది. ఇంకా ఎత్తుగా ఎగురుతుంది, మొరుగుతుంది, చొక్కా పట్టుకుంటుంది. సరిగ్గా అక్కడ ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి తల నిమురుతారు. దాంతో వాడు నేర్చుకునేది, ఇంకాస్త గట్టిగా ఎగిరితే ఫలితం ఉంటుందని. అందుకే ఇది మొదలుపెట్టేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

అదే కూర్చోవడంలో మాటలు కూడా ఖాయం చేసుకోండి. ఒకరు "సిట్", ఒకరు "కూర్చో", ఇంకొకరు "సిట్ డౌన్" అంటే వాడికవి మూడు వేర్వేరు చప్పుళ్లు. "డౌన్" మరీ చిక్కు: పడుకోమని చెప్పడానికీ అదే, మీదికి ఎగిరితే దిగమనడానికీ అదే, సోఫా దిగమనడానికీ అదే. ఒక్కో పనికి ఒక్కో మాట కాగితం మీద రాసి అందరికీ కనబడేచోట అతికించండి. చెప్పిన మాట ఒక్కసారే చెప్పాలి. "సిట్ సిట్ సిట్" అంటే మూడోసారికి కూర్చోవడం నేర్చుకుంటాడు.

వయసు విషయం కూడా తెలుసుకోండి. ఏడు నెలలంటే కుర్రతనం మొదలైంది. చూపులేనివారికి దారి చూపే గైడ్ డాగ్‌లుగా తర్ఫీదు పొందబోయే కుక్కలను చూసి 2020లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎనిమిది నెలల వయసు కుక్కలు పరిచయం లేని మనిషి "సిట్" అంటే కూర్చుని, పెంచుతున్నవాళ్లు చెబితే అంతగా వినలేదని తేలింది. ఏడాది వయసు వచ్చేసరికి మళ్లీ మెరుగ్గా వింటున్నాయని పెంచుతున్నవాళ్లే చెప్పారు. అంటే రాబోయే నెలల్లో మీకు ఇంకాస్త ఓపిక కావాలి. చేసినదంతా వృథా అయిందని అనిపించినప్పుడు ఒక మెట్టు దిగి, తేలికైనవి అడిగి, గెలవనివ్వండి.

ట్రైనర్ దగ్గర నెల రోజులు వదిలే ఆలోచనకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కొత్త మనిషి చెబితే వింటాడు, ఎందుకంటే సరైన క్షణంలో కదలడం ఆ మనిషి చేతులకు అలవాటై ఉంటుంది. ఇంటికొచ్చాక గరగరలాడే కవరు, మూడు రకాల మాటలు, ఆలస్యంగా అందే ముక్క అలాగే ఉంటాయి. రెండు వారాల్లో మొదటికొస్తుంది. పైగా మీరు లేనప్పుడు అక్కడ ఏ పద్ధతి వాడారో మీకు తెలియదు. లీష్ మీ చేతిలోనే ఉండి, ట్రైనర్ పక్కన నిలబడి మిమ్మల్ని సరిదిద్దే క్లాసు వెతకండి. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: కుక్క సరిగ్గా చేస్తే ఏం చేస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండోదానికి సూటిగా జవాబు రాకపోయినా, మీరు చూస్తుండగా నేర్పడానికి ఒప్పుకోకపోయినా వచ్చేయండి. మీవాడు తిండి గిన్నె దగ్గరో, మనుషులను చూసో గుర్రుమంటే మాత్రం దాన్ని తిట్టి ఆపకండి, అది వాడిచ్చే ముందస్తు హెచ్చరిక. అలాంటిది ఏమైనా ఉన్నా, ఇన్నాళ్లూ కూర్చునేవాడు ఉన్నట్టుండి కూర్చోవడానికి ఇబ్బంది పడుతున్నా ముందు పశువైద్యులకు చూపించండి. లాబ్రడార్లకు తుంటి కీలు సమస్యలు తరచూ వస్తాయి. నొప్పిని మొండితనమనుకుంటే కుక్కకు పెద్ద హాని చేసినవాళ్లమవుతాం.

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. మధ్యలో ఒకటి రెండు రోజులు తప్పినా కంగారుపడకండి. బీగిల్ కుక్కల మీద చేసి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారానికి ఐదు రోజులు నేర్పినవాటి కంటే వారానికి ఒక్కసారి నేర్పినవే తక్కువ విడతల్లో పని నేర్చుకున్నాయి. ఈ వారం "యెస్", ఖాళీ చేత్తో "సిట్", గదుల మధ్య కొత్త పిలుపు, ఈ మూడే చేయండి. ఒక విడతను ఫోన్‌లో వీడియో తీసి, తర్వాత మీ చెయ్యి "యెస్" కంటే ముందు కదులుతోందా, తర్వాత కదులుతోందా చూసుకోండి. ముందు కదులుతుంటే మిగతావేవీ మొదలుపెట్టకుండా ఇంకో వారం దాని మీదే ఉండండి.